పొట్టేలుకు గది కావాలి

వెంకట్రాజం కుక్కలకు సిద్ధపడ్డాడు. తప్పదు కాబట్టి పిల్లులకూ సిద్ధపడ్డాడు. ఒకాయన ఫోన్ చేసి పంజరంతో సహా చిలకను తెచ్చుకుంటానంటే, పళ్ళు కొరుక్కుంటూనే సరే రమ్మన్నాడు. కానీ శనివారం పొద్దున రిసార్టు గేటు ముందు ఆటో ఆగి, అందులోంచి బలిసిన పొట్టేలు దిగుతుందని మాత్రం కలలో కూడా అనుకోలేదు.

దిగడం కూడా మామూలుగా దిగిందా? మొహం మీద చీరకొంగు కప్పుకుని దిగింది! ఆ కొంగు రెండో చివర ఒక ముసలమ్మ భుజం మీద ఉంది. ముసలమ్మ వెనక ఇరవై ఏళ్ళు దాటిన అమ్మాయి, చేతిలో ఫోను, వీపున బ్యాగు.

"కావ్య పేరు మీద బుకింగ్ ఉన్నది సార్," అంది అమ్మాయి. "ఇద్దరం మనుషులం, ఒక పెట్."

"ఏది పెట్?"

"ఇగో, ఇదే. లడ్డూ."

లడ్డూ కొంగు విదిలించుకుని వెంకట్రాజం వంక చూసింది. ఎర్రటి ఉన్ని, నుదుటి మీద తెల్లమచ్చ, ఎడమకొమ్ము కొస విరిగి ఉంది. చూసి, కౌంటరు పక్కన కుండీలోని మనీప్లాంటును ఒక్క పట్టున లాగి నమలడం మొదలుపెట్టింది.

వెంకట్రాజానికి ఒళ్ళు మండింది. ధర్మసాగర్ చెరువు పక్కన ఈ రిసార్టు తెరిచిన నాటి నుంచీ మేనేజరుగా అతని రాజ్యమే నడుస్తోంది. మధ్యలో ఈ పెంపుడు జంతువుల గోల తెచ్చిపెట్టింది ఓనరు సుభాషిణి మేడం. "ప్రశాంతంగ ఉందామని వచ్చేటోళ్ళు కుక్కల మొరుగుడు వినాల్నా మేడం? పక్క రూమోళ్ళకు పడకపోతే ఎట్ల?" అని వాదించాడు. ఆమె హన్మకొండలో తన ఇంటి సోఫాలో కుక్కను ఒళ్ళో పెట్టుకుని, "పిల్లల్లెక్క సాదుకునేటోళ్ళు దాన్ని ఎవరింట్ల ఇడిసిపెట్టి వస్తరయ్యా?" అంది. చివరకు, "గేటుకు బోర్డు కట్టిస్త. ఈ ఆదివారం దాకా చూద్దాం. ఏమన్న గొడవైందో, బోర్డన్నా తీసేస్త, నిన్నన్నా తీసేస్త," అని తేల్చేసింది. గేటుకు పెద్ద బోర్డు కట్టించింది: మీ పెంపుడు జంతువులకు స్వాగతం.

బోర్డులో పొట్టేలు రాకూడదని ఎక్కడా లేదు. అదే వచ్చిన చిక్కు.

వరంగల్ మనిషికి పొట్టేలును చూస్తే ఏం గుర్తొస్తుంది? దావత్ గుర్తొస్తుంది. చెరువు పక్కకు పొట్టేలునో మేకనో, ఓ యాటను తోలుకొచ్చారంటే, ఆదివారం మధ్యాహ్నానికి బంధుబలగం దిగుతుంది, చెట్టుకింద పొయ్యి వెలుగుతుంది. అది లోకానికంతా తెలిసిన సంగతి. పెట్ అట, పేరు లడ్డూ అట! ఎవరి చెవిలో పువ్వు పెడుతున్నారు? రేపు లాన్ మీద తల తెగిపడ్డదంటే, ఆరో కాటేజీలో దిగిన హైదరాబాదోళ్ళు తమ బొచ్చుకుక్కపిల్లను ఎత్తుకుని వీడియో తీస్తారు. ఆ వీడియో సాయంత్రానికి మేడం ఫోన్లో ఉంటుంది. సోమవారానికి వెంకట్రాజం నర్సంపేటలో వాళ్ళన్న పత్తిచేనులో ఉంటాడు.

"ఏ ఊరమ్మా మీది?" అని మెల్లగా తీగ లాగాడు.

"వర్ధన్నపేట దిక్కు..." అనబోయింది ముసలమ్మ. మనవరాలు మోచేత్తో పొడిచింది. ముసలమ్మ నోరు టక్కున మూతపడింది.

చూశారా! వెంకట్రాజం కూడా చూశాడు.

"చూడవ్వా, ముందే చెప్తాన. ఈడ కోసుడు, కాల్చుడు, వండుకునుడు నడ్వయ్. యాట మీద కత్తి పడ్డదో, పోలీసోళ్ళను పిలుస్త."

కోప్పడుతుందనుకున్నాడు. ముసలమ్మ మొహం వెలిగిపోయింది. కౌంటరు మీద రెండు చేతులూ ఆనించి ముందుకు వంగింది.

"ఈడ కొయ్యరు గదా బిడ్డా? పక్కానా?"

"పక్కా."

"ఎవ్వలొచ్చి అడిగినా?"

"ఎవ్వలచ్చినా కొయ్యనియ్య."

"నీ కడుపు సల్లగుండ," అంది మొగిలమ్మ. ఆవిడ పేరు అదని ఆధార్ కార్డు చూస్తే తెలిసింది. అంత సంతోషం దేనికి? దొంగ మనసు కాకపోతే ఒకే మాట మూడుసార్లు ఎందుకు అడుగుతుంది? వెంకట్రాజం వాళ్ళకు కౌంటరు నుంచి కనిపించే రెండో కాటేజీ ఇచ్చి, కుర్చీ కిటికీ వైపు తిప్పుకుని కూర్చున్నాడు.

గంట గడవలేదు, కావ్య కిచెన్ వైపు నడిచింది. వెంకట్రాజం వెనకాలే వెళ్ళాడు. వంటమాస్టరు ఫకీర్ మహమ్మద్ ఉల్లిగడ్డలు తరుగుతున్నాడు.

"అంకుల్, జర ఒక కత్తి ఇస్తరా?"

ఇచ్చాడు మహానుభావుడు! ఎందుకని కూడా అడగలేదు. కాసేపటికి మళ్ళీ వచ్చి కూర వండే పెద్ద గంజు అడిగింది. తర్వాత పసుపు. కత్తి, గంజు, పసుపు. ఇంకేం మిగిలింది? కారం, ఉప్పు!

"పసుపెందుకు బేటా?" అన్నాడు ఫకీర్ మహమ్మద్.

"మెడకు పెట్టడానికి," అని చెప్పి వెళ్ళిపోయిందా పిల్ల.

వెంకట్రాజం తలుపు చాటు నుంచి బయటికి వచ్చాడు. కోసే ముందు మెడకు పసుపు రాస్తారని ఈ జిల్లాలో పసిపిల్లవాడిని అడిగినా చెబుతాడు.

"చూసినవా ఫకీర్ భాయ్? రేపు పొద్దున ఖతం జేస్తరు దాన్ని!"

"చేస్తే చేస్తరు సార్. ముందుగాల్నే చెప్పుర్రి, మసాలా నూరి పెడ్త," అని నవ్వాడు ఫకీర్ మహమ్మద్. తర్వాత వెంకట్రాజం మొహం చూసి నవ్వు ఆపుకున్నాడు. "ఫికర్ జెయ్యకుర్రి సార్. ఆ ముసలామె దానికి పార్లేజీ బిస్కట్లు చాయ్‌ల ముంచి తినిపిస్తాంది. నేను చూసిన."

"బలుపెక్కాలని తినిపిస్తాంది!"

అనుమానం పట్టిన మనిషికి ఏం చెప్పినా రెండోవైపే వినిపిస్తుంది. మధ్యాహ్నం మొగిలమ్మ పొట్టేలును లాన్‌లో తిప్పుతుంటే వెంకట్రాజం గులాబీల చాటున నిలబడి చూశాడు. కత్తితో సొరకాయ ముక్కలు కోసిపెట్టింది, అది తింది. గంజు నిండా నీళ్ళు పెట్టింది, అది తాగింది. మెడకింద తాడు ఒరుసుకున్నచోట పసుపద్దింది. ఇవన్నీ కళ్ళారా చూసి కూడా, 'నేను చూస్తున్నానని తెలిసి నాటకమాడుతోంది' అనుకున్నాడు మన మేనేజరు! ఆటో చప్పుడైతే చాలు, ముసలమ్మ పొట్టేలుకు అడ్డంగా నిలబడి గేటు వైపు తొంగి చూస్తోంది. ఎవరికోసం ఆ చూపు? అప్పుడు తట్టింది అతనికి ఇంకో సంగతి. దావత్ కాదు, ఇది దొంగతనం! ఈమధ్య కార్లలో, ఆటోలలో వచ్చి మేకలనూ గొర్రెలనూ ఎత్తుకుపోతున్నారని వాట్సాపులో రోజూ చూస్తూనే ఉన్నాడు. మొహం మీద కొంగు అందుకే కప్పింది. ఊరు పేరు అందుకే మింగింది.

ఫోను తీసి దూరం నుంచే ఫొటో కొట్టాడు. పక్కనున్న ముసలమ్మతో సహా, తెల్లమచ్చ, విరిగిన కొమ్ము స్పష్టంగా పడ్డాయి. వర్ధన్నపేటలో ఎరువుల దుకాణం నడిపే బామ్మర్ది ఓంప్రకాశ్‌కు పంపాడు. ఓంప్రకాశ్ లేని వాట్సాపు గ్రూపు ఆ మండలంలో లేదు. ఫొటో కింద ఇలా రాశాడు: "దొంగ యాట కావచ్చు. ధర్మసాగర్ రిసార్టుల ఉన్నది. మీ దిక్కు ఎవలదన్న పోయిందా?"

పంపాక కడుపు చల్లబడింది. సాయంత్రం చాయ్ కూడా రుచిగా అనిపించింది.

ఆదివారం పొద్దున ఇడ్లీల వేళకే ట్రాలీ ఆటో వచ్చింది. అందులోంచి తెల్ల బనీను, మెడలో కండువా ఉన్న నడివయసు మనిషి దిగాడు. అతని వెనక ఓంప్రకాశ్ బైకు మీద, ఏదో గెలిచినవాడిలా చెయ్యి ఊపుతూ వచ్చాడు.

"బావా, దొరికిండ్రు! ఈయన రాజమల్లు. యాట ఈయనదే."

రాజమల్లు వెంకట్రాజం రెండు చేతులూ పట్టుకున్నాడు. "సారూ, నీ రుణం తీర్చుకోలేను. రాత్రంత చుట్టాలిండ్లన్ని తిరిగిన. ఇసొంటి కాడ ఉంటదని ఎవలనుకుంటరు!"

"దొంగలు ఆ రూములనే ఉన్నరు, ఎటూ పోలేదు," అన్నాడు వెంకట్రాజం ఛాతీ పొంగించి.

రెండో కాటేజీ తలుపు తెరుచుకుంది. మొగిలమ్మ గుమ్మంలో నిలబడింది. రాజమల్లు ఆమెను చూసి తల దించుకున్నాడు.

"అవ్వా," అన్నాడు. "ఊరంత నవ్వుతాన్రే. మా అవ్వను యాట దొంగ అని ఫొటో ఏసిండ్రు."

వెంకట్రాజం ఒకసారి అతన్ని, ఒకసారి ఆమెను చూశాడు. అవ్వ అంటే ఇతని కన్నతల్లి. అంటే ఆ పిల్ల ఇతని కూతురు. సొంతింటి పొట్టేలును సొంతింటి మనుషులు ఎత్తుకొచ్చారు!

"ఇంకోదాన్ని కొని కొయ్యిరా కొడుకా," అంది మొగిలమ్మ. "నా గొలుసు ఇస్త. దీన్ని ఇడిసిపెట్టు. దీని తల్లి సచ్చినప్పటి సంది పాలసీసతోని సాదిన."

"పేరు పెట్టి మొక్కిననే అవ్వా! కావ్య జెరంతోని దవాఖాన్ల పండుకున్ననాడు, పోచమ్మ తల్లీ, నా బిడ్డను లేపు, ఇంట్ల ఉన్న ఈ యాటనే నీకిస్త అన్న. బిడ్డ లేసింది. ఇప్పుడు మాట తప్పితే?"

"నాకోసమే గదా మొక్కింది నానా," అంది కావ్య. "నేనే వద్దంటాన. నాకేం గాదు."

"నీకేం గాదని నువ్వంటవ్. ఆనాడు డాక్టర్లు ఏమన్నరో నేను విన్న బిడ్డా." రాజమల్లు కండువాతో కళ్ళు ఒత్తుకున్నాడు. "ఇయ్యాల్నే పోచమ్మ పండుగ. నాకు మాత్రం సంబురమా? పొద్దున లేస్తే నా సంకల మొహం పెట్టేది అది."

అప్పుడు అర్థమైంది వెంకట్రాజానికి. ఈ ఒక్క ఆదివారం దాటిస్తే చాలనుకున్నారు. చుట్టాల ఇళ్ళన్నీ వెతుకుతారని తెలుసు. పొట్టేలు కోసం రిసార్టులో ఎవడు వెతుకుతాడు? పెంపుడు జంతువులకు స్వాగతం అన్న బోర్డును కావ్య ఫోన్లో చూసింది, నాయనమ్మకు చదివి వినిపించింది, నమ్మి వచ్చారు. అంతే. ఇంతకుమించి అందులో ఏ మోసమూ లేదు. మోసమంతా కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని కూర్చున్న తన బుర్రలోనే ఉంది.

"రాజమల్లన్నా," అన్నాడు వెంకట్రాజం. "జర ఆగు. గెస్టు సామాన్లు మేం ఎవ్వలికీ ఇయ్యం. రేపటిదాకా బుకింగ్ ఉన్నది. రేపొచ్చి తీస్కపో."

రాజమల్లు వింతగా చూశాడు. "అదేంది సారూ? రార్రి, తీస్కపోర్రి అని ఫొటో పెట్టింది నువ్వే గద!"

ఓంప్రకాశ్ కూడా అదే అన్నాడు. ఊరంతా చూసిన ఫొటో. వెంకట్రాజం దారి ఇచ్చి పక్కకు జరిగాడు.

లడ్డూ తనంతట తానే రాజమల్లు దగ్గరికి వచ్చి అతని చంకలో మొహం పెట్టింది. అది చూసి కావ్య లోపలికి పరుగెత్తి తలుపేసుకుంది. రాజమల్లు ఒక్క క్షణం కళ్ళు మూసుకుని, పొట్టేలును ఎత్తి ట్రాలీలో నిలబెట్టాడు. మొగిలమ్మ వెంట నడిచింది. తాడు ఒరుసుకోకుండా పసుపద్దినచోట వేళ్ళు పెట్టి ముడి వదులు చేసింది. ఆటో కదిలాక గేటు దగ్గర వెంకట్రాజం ఎదురుగా నిలబడింది. తిడుతుందనుకున్నాడు. తిట్టినా బాగుండేది.

"ఈడ కొయ్యనియ్యనంటివి బిడ్డా," అంది. "ఇచ్చిన మాట తప్పలే నువ్వు. ఈడైతే కొయ్యలే."

అంతే. మనవరాలిని పిలుచుకుని, మిగిలిన బిస్కట్ పొట్లం చేతిలో పట్టుకుని నడుచుకుంటూ వెళ్ళిపోయింది. రెండో రోజుకు కట్టిన డబ్బు వెనక్కి ఇస్తానన్నా ఆగలేదు.

ఆ రోజంతా రిసార్టులో ఏ గొడవా జరగలేదు. ఆరో కాటేజీవాళ్ళ కుక్కపిల్ల లాన్ మీద బంతితో ఆడుకుంది. దానికి దాని యజమానురాలు చికెన్ ఉడికించి పెట్టింది.

పొద్దుగుంకే వేళ ఓంప్రకాశ్ మళ్ళీ బైకు వేసుకుని వచ్చి, కౌంటరు మీద స్టీలు డబ్బా పెట్టాడు. "రాజమల్లు పంపిండు బావా. నీ వల్లనే మొక్కు తీరిందట. మొట్టమొదలు నీ వాటానే తీసి పక్కన పెట్టిండు." డబ్బా వేడి ఇంకా ఆరలేదు. మూత సందుల్లోంచి మసాలా వాసన వస్తోంది.

ఓంప్రకాశ్ అటు వెళ్ళాడో లేదో, మేడం ఫోన్ మోగింది.

"ఏం వెంకట్రాజం, ఎట్లయ్యింది? ఏమన్న గొడవైందా?"

"కాలేదు మేడం."

"లాన్ మంచిగున్నదా?"

"మంచిగనే ఉన్నది. ఎక్కడా ఒక్క మరక లేదు."

"మరి బోర్డు ఉంచుదామా, తీసేద్దామా? నువ్వే చెప్పు."

వెంకట్రాజం గేటు వైపు చూశాడు.

"బోర్డు ఉండనియ్యుర్రి మేడం," అన్నాడు. "నన్నే తీసేయుర్రి."

జోకనుకుని ఆమె పకపకా నవ్వింది. నవ్వుతూనే ఫోన్ పెట్టేసింది. వెంకట్రాజం కౌంటరు మీద తల పెట్టుకుని, పక్కన ఫకీర్ మహమ్మద్ నిలబడి ఉన్నాడని కూడా చూసుకోకుండా ఏడ్చాడు. ఫకీర్ మహమ్మద్ డబ్బా చేతుల్లోకి తీసుకుని, మూత తియ్యకుండానే, బయటికి తీసుకుపోయాడు.