సూది షుగరు

డెబోరా చెప్పింది ఒకే ఒక్క అబద్ధం. అదీ చిన్నది. చిన్నదని ఆమె అనుకుంది గానీ పాలెం అనుకోలేదు.

ఆమె ఉద్యోగం నలుగురిలో చెప్పుకోవడానికి అంత వీలైంది కాదు. నరాల్లోకి మత్తుమందు ఎక్కించుకునే కుర్రాళ్ళ దగ్గర వాడిన సూదులు తీసుకుని, కొత్తవి ఇవ్వాలి. ఒకడి సూది ఇంకొకడు పొడుచుకుంటే హెచ్ఐవి అంటుకుంటుంది. ముందు ఆ పంచుకోవడం ఆగితే, మందు మాన్పించే సంగతి నెమ్మదిగా చూడవచ్చని ఆమె సంస్థ ఆలోచన. ఆలోచన బాగానే ఉంది. ఇందుకూరుపేట మండలంలో సముద్రం ఒడ్డునున్న ఆ జాలర్ల పాలెంలో వినోద్, వాడి స్నేహితులిద్దరూ మాత్రం ఆమె స్కూటీ కనబడితే చాలు, పోలీసును చూసినట్టు పడవల వెనక్కి తప్పుకునేవాళ్ళు. ముగ్గురికీ ఒకటే సూది. దాన్ని వినోద్ చొక్కా మడతలో దాచుకునేవాడు.

ఒకరోజు పొద్దున వలల పాక వెనక వాణ్ణి ఎలాగో పట్టుకుని, కొత్త సూదుల పొట్లం చేతిలో పెట్టిందో లేదో, వాడి అవ్వ సామ్రాజ్యం ఎండుచేపల తట్టతో ఎదురుగా నిలబడింది. తల్లి లేని వాణ్ణి పెంచింది ఆవిడే.

"ఏంది పాపా అయ్యి?"

"షుగరు సూదులవ్వా," అంది డెబోరా. నోటికి అదే వచ్చింది. ఆదివారం చర్చిలో పిల్లలకు అబద్ధమాడరాదని పాఠం చెప్పే నోరే అది.

సామ్రాజ్యం మనవడి మొహం చూసింది, పొట్లం చూసింది. "అయ్యో, నా బిడ్డకి షుగరంట!" అని తట్ట కింద పడేసి గుండెలు బాదుకుంది. డెబోరా స్కూటీ దగ్గరకు చేరేలోపు ఆ కబురు పాలెం చివరి ఇంటిదాకా వెళ్ళి వెనక్కి వచ్చింది. వస్తూ వస్తూ మిగతా ఇద్దరికీ కూడా షుగరు అంటించి వచ్చింది.

ఇక ఆ ముగ్గురినీ పాలెం దత్తత తీసుకుంది. అంతకు ముందు వాళ్ళు వీధిలోకి వస్తే ఆడవాళ్ళు బయట ఆరబెట్టిన గిన్నెలు లోపల పెట్టుకునేవాళ్ళు. ఇప్పుడు పిలిచి అరుగు మీద కూర్చోబెట్టి కాకరకాయ రసం తాగిస్తున్నారు. గంగమ్మకు పొంగళ్ళు పెట్టిన నాడు అందరి ఆకుల్లో బెల్లం పొంగలి, వీళ్ళ ఆకుల్లో నానబెట్టిన మెంతులు. వినోద్‌కు తీపంటే ప్రాణం. పెళ్ళిలో దొంగచాటుగా లడ్డు నోట్లో వేసుకుంటే పక్కింటావిడ దవడ పట్టుకుని కక్కించింది.

"అక్కా, చెప్పేదానికి నీకు ఇంకో రోగమే దొరకలేదా?" అని వాడు డెబోరా ముందు మొత్తుకున్నాడు.

"ఏ రోగం చెప్పమంటావు?" అంది డెబోరా, కొత్త పొట్లం అందిస్తూ.

అందరికంటే కుమిలిపోయింది పాలెం పెద్ద మాల్యాద్రి. సామ్రాజ్యం మొగుడు పోయినప్పటి నుంచీ ఊళ్ళో షుగరంటే ఆయనదే. పథ్యాలు చెప్పేది, కాలివేళ్ళు చూపించి జనాన్ని భయపెట్టేది ఆయనే. పాపం, ఆయనది మాత్రల షుగరు. నిన్నగాక మొన్న మీసాలొచ్చినవాళ్ళది సూది షుగరు! కొన్నాళ్ళు మూతి ముడుచుకుని తిరిగి, చివరికి పెద్దరికం నిలబెట్టుకునే దారి వెతుక్కున్నాడు. తెల్లవారకముందే ముగ్గురినీ లేపి మైపాడు వైపు ఇసకలో నడిపించడం మొదలుపెట్టాడు.

డెబోరాకు మాత్రం మంచికాలం వచ్చింది. ఆమె స్కూటీ చప్పుడు వినగానే ముసలమ్మలే కేకలు పెట్టేవాళ్ళు. "రేయ్, సూదులమ్మాయి వచ్చింది. పాతయ్యి ఇచ్చి కొత్తయ్యి తెచ్చుకోపోండ్రా!" దాక్కోవడం పోయింది, పంచుకోవడమూ పోయింది. ఎవడి సూది వాడిదే. పాత సూదుల డబ్బా నిండుగా వస్తుంటే ఆఫీసులో అందరూ మెచ్చుకున్నారు. ఎలా సాధించావని అడిగితే దేవుడి దయ అంది. దేవుడు ఏమనుకున్నాడో తెలియదు.

అంతలో మాల్యాద్రి షుగరు క్యాంపు పెట్టించాడు. అల్లూరు నుంచి ల్యాబు మనిషిని పిలిపించి, చేపల వేలం వేసే పాకలో బల్ల వేయించి, ముగ్గురినీ ముందు వరసలో కూర్చోబెట్టాడు. డెబోరా పాక గుంజ పక్కన నిలబడి లెక్కలు వేసుకుంది. షుగరు లేదని తేలితే, మరి ఆ సూదులెందుకని అడుగుతారు. జవాబు తెలిస్తే ఊరి కట్టుబాటు ప్రకారం ఆ ముగ్గురినీ పడవ ఎక్కనివ్వరు, ఎవరూ మాట్లాడరు. వాళ్ళు వెళ్ళి ఏ రొయ్యల గుంట దగ్గరి షెడ్డులోనో చేరతారు. మళ్ళీ ముగ్గురికీ ఒకటే సూది.

"నార్మల్," అన్నాడు ల్యాబు మనిషి. రెండోవాడిదీ నార్మల్. మూడోవాడిదీ అంతే.

మాల్యాద్రి లేచి నిలబడ్డాడు. డెబోరా కళ్ళు మూసుకుని యేసయ్యను తలుచుకుంది.

"చూసినారా నా నడక!" అని ఆయన తొడ కొట్టాడు. "సూది షుగరుని ఇసకలో తొక్కి చంపించినా!"

ఈలలు, చప్పట్లు. ఆ సంబరంలోనే ఆయన డెబోరా వైపు తిరిగి, "ఇంక నువ్వు ఈ పక్కకి రావాల్సిన పన్లేదమ్మా. ఆ సూదులు రోగమున్నోళ్ళకి ఇచ్చుకో," అన్నాడు ఎంతో మర్యాదగా.

డెబోరాకు ఏడుపొచ్చింది. నిజం చెబితే పిల్లలు పోతారు, చెప్పకపోతే సూదులు పోతాయి.

"ఎట్టా పన్లేదు?" జనాన్ని తోసుకుంటూ సామ్రాజ్యం ముందుకొచ్చింది. "మా ఆయన గూడా తగ్గింది తగ్గిందని సూది మానేసినాడు. నెల తిరక్కముందే పాడె కట్టినారు. నా మనవడికి గూడా కడతావా మాల్యాద్రీ? ఆ పాప రావాల్సిందే."

పోయినవాళ్ళ మాట ఎత్తాక ఎదురు చెప్పే పెద్దమనిషి ఎవడు? మాల్యాద్రి గొంతు సవరించుకుని, నడకా సూదీ రెండూ ఉండాల్సిందేనని తీర్పు చెప్పాడు.

జనం పలచబడ్డాక సామ్రాజ్యం డెబోరా చెయ్యి పట్టుకుని పడవల చాటుకు తీసుకెళ్ళింది.

"మా ఆయనకి నేనే పొడిచేదాన్ని పాపా, పొట్ట మీద. వీడు మోచేతి మడతలో పొడుచుకుంటుండాడు. నాకు తెలీదనుకున్నావా?"

"మరి ఆరోజు అంత కేకలు పెట్టావే అవ్వా?"

"నేను షుగరని అరవకుంటే ఇంకెవురో ఇంకోటి అరిచేవోళ్ళు." ఆవిడ వేలం పాక వైపు చూసింది. అక్కడ వినోద్ చుట్టూ ఆడవాళ్ళు చేరి ఏదో తినిపిస్తున్నారు. "ఇన్నాళ్ళూ వాణ్ణి కుక్కని తరిమినట్టు తరిమినారు. ఇప్పుడు, తిన్నావా అబ్బయా అని అడుగుతుండారు. వాడు మానతాడో లేదో నాకు తెలీదు. బతికుంటేనే గదా మానేది."

కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

"నువ్వు సూదులు తెస్తా ఉండు పాపా. అబద్ధం సంగతి నేను చూసుకుంటా."