కోటిలింగం పేరున్న డబ్బా

నేను ఒక మూత్ర పరీక్ష డబ్బాను. ముక్కు మూసుకోనక్కర్లేదు, ఇప్పుడు ఖాళీగానే ఉన్నాను. నాతోపాటు పుట్టినవాళ్లు కొందరు స్వీటు షాపుల్లో కాజాలు మోస్తున్నారు. నా రాత ఇది. అయినా మనుషులు నోటితో ఎన్ని అబద్ధాలాడినా, నాలోకి వచ్చింది మాత్రం నిజమే చెబుతుంది. బీపీ ఏళ్ల తరబడి ఎక్కువగా ఉంటే మూత్రపిండాల్లోని సన్నటి రక్తనాళాలు దెబ్బతింటాయి. ఒంట్లో ఉండాల్సిన ఆల్బుమిన్ అనే ప్రోటీను మూత్రంలోకి కారిపోతుంది. మనిషి రాయిలా ఉన్నానంటూ తిరుగుతుండగానే ఆ కారడం మొదలవుతుంది.

విజయనగరంలో ఒక చిన్న క్లినిక్కులో, పేరు రాసిన చీటీ అంటించి నన్ను స్కూలు బస్సు డ్రైవరు కోటిలింగం చేతికిచ్చారు. ఆయనకు బీపీ ఉంది. మాత్రలూ ఉన్నాయి, దేవుడి పటం ముందు భద్రంగా. తల తిరిగిన రోజున ఒకటి వేసుకుంటాడు, తిరగని రోజున దేవుడికే వదిలేస్తాడు. ఈ పరీక్షలో తేడా వస్తే ఇక బస్సు ఎక్కనివ్వరని ఆయన భయం. అందుకని ఆ మహానుభావుడు బాగా ఆలోచించి, ఇంటికెళ్లి నన్ను భార్య వరహాలమ్మ చేతిలో పెట్టాడు.

"నీకే రోగమూ నేదు కదే. కూసింత పోసియ్యి."

"ఇదేటి మావా, డాక్టరు బాబుకి తెలిస్తే?"

"నీళ్ల మీద పేరు రాసుంటాదేటి?"

ఆవిడకు రోగం లేదని ఎలా తెలుసంటే, ఎవరూ ఎప్పుడూ చూడలేదు గనక. ఆవిడ ఆసుపత్రి మెట్లెక్కింది రెండు కాన్పులకే. రోజూ తలకు గుడ్డ బిగించి కట్టుకుంటుంది. అది పొయ్యి వేడి వల్లనేనని ఇంటిల్లిపాదీ తీర్మానించారు.

మర్నాడు ఇద్దరూ వచ్చి నన్ను అప్పగించారు. ల్యాబు అమ్మాయి అనుమానంతో రెండుసార్లు పరీక్షించి, రిపోర్టుతోపాటు నన్నూ తెచ్చి డాక్టరు బల్ల మీద పెట్టింది.

"కోటిలింగం గారూ, ప్రోటీను చాలా పోతోంది. కిడ్నీల్లో రక్తనాళాలు దెబ్బతింటున్నాయి. ఇప్పుడే మందులు మొదలుపెడితే ఆపొచ్చు. ఆలస్యం చేస్తే డయాలసిస్ దాకా పోతుంది."

కోటిలింగం మొహం పాలిపోయింది. అయినా తెలివి పోలేదు. ఆ మందులు తన పేరునే రాయించుకుని గుట్టుగా భార్య చేత మింగించేద్దామనుకున్నాడు.

"ఎన్ని పూటలు బాబూ?"

"ముందు మీ బరువు చూడాలి, మీ రక్తం చూడాలి. దాన్నిబట్టి రాస్తాను."

అక్కడితో ఆయన తెలివి అయిపోయింది.

"ఆ నీళ్లు నావి కావు బాబూ. మా ఇంటిదానివి. దాన్ని సూడండి. నా బస్సు పోతే పోనీండి."

డాక్టరు తిట్టాల్సినన్ని తిట్లు తిట్టి, బయట బెంచీ మీదున్న ఆవిడను పిలిచాడు. బీపీ పట్టీ చుట్టి, అంకె చూసి, తిట్లు ఆపేశాడు.

"తలనొప్పి ఎన్నాళ్లుగా ఉందమ్మా?"

ఆవిడ అలవాటుగా జవాబు కోసం మొగుడి వైపు చూసింది. ల్యాబు అమ్మాయి నన్ను పసుపు చెత్తసంచిలో పడేస్తుండగా ఆవిడే మెల్లగా చెప్పింది.

"సిన్నోడు పుట్టినకాడినుండి బాబూ."

"వాడికెన్నేళ్లు?"

"ఇరవై ఆరు" అన్నాడు కోటిలింగం. అది మాత్రం ఆయనకు తెలుసు.