పప్పు ఉడికే నీళ్లు

కాపురానికి వచ్చేటప్పుడు పుష్పవతి తెచ్చుకున్నవి రెండు ఇత్తడి బిందెలు, నాన్న పసుపు కుంకుమ కింద రాసిచ్చిన అరెకరం పల్లం. చాట్రాయి దగ్గర అత్తవారి మామిడి తోటకు దిగువన ఉంటుంది. వానాకాలమంతా నీళ్లు నిలుస్తాయి కాబట్టి అక్కడ మామిడి బతకదు. "మీ నాన్న మాకు బురద అంటగట్టాడమ్మా," అని అత్తగారు నలుగురిలో నవ్వేది. తోటలో కురిసిన వాన గడ్డిలో ఇంకి, ఆ బురదలో తేరుకుని, పక్కనున్న బావిలో ఊరేది. ఆ నీళ్లతో కందిపప్పు రెండు విజిల్స్‌కే వెన్నలా అయ్యేది. రోజుకు పన్నెండు బిందెల చొప్పున ఇరవై మూడేళ్లు మోసింది. ఆ మోత ఎవరి లెక్కలోకీ రాలేదు.

రెండేళ్ల క్రితం భర్త లక్ష్మీనరసింహారావు తోట కొట్టించి ప్లాట్లు వేద్దామనుకున్నాడు. రోడ్డుకు పల్లం అంచు కావాలి, సంతకం పెడితే వంటింట్లో కుళాయి వేయిస్తానన్నాడు. అంచు పోతే పోయింది, బిందెలు తప్పుతాయి. లాభమే అనుకుని పెట్టేసింది.

కుళాయిలో బోరు నీళ్లు వచ్చాయి. ఆరు విజిల్స్ వచ్చినా పప్పు బద్ద బద్దగానే ఉండేది. "ఇన్నేళ్లొచ్చినా పప్పు ఉడకబెట్టడం రాదేంటే నీకు?" అన్నాడతను. సోడా ఉప్పు వేస్తే వాసనన్నాడు. ఆమె మళ్లీ బిందె ఎత్తింది. చెట్లు లేని మెరక మీద మొదటి వాన పడగానే ఎర్రమట్టి దిగి పల్లం సగం పూడింది. కొత్త ఇళ్ల మురుగూ అందులోకే వచ్చింది. ఒకప్పుడు తోటలో కాయలు కోసిన కృష్ణవేణి ఇంట్లోనూ ఆ బావి నీళ్లే తాగేవారు. ఆమె కూతురు వాంతులతో నూజివీడు ఆసుపత్రిలో మూడు రోజులుంది.

ఈ ఉదయం భర్త కాగితాలు తెచ్చాడు. ఎలాగూ పాడైంది కాబట్టి పల్లం పూడ్చి అమ్మేద్దామన్నాడు. నీళ్ల సంగతేంటని అడిగింది.

"క్యాన్లు తెప్పిస్తాలే. నువ్వు మోసేదేం లేదుగా."

ఆమె బావి దగ్గరికి వెళ్లింది. కృష్ణవేణి భర్త చిన్నయ్య బావుల్లో పూడిక తీసే మనిషి. అతన్ని అక్కడికి పిలిపించి, బావి మళ్లీ బాగవుతుందా అని అడిగింది.

"మట్టి ఎత్తి, మురుగు మళ్లిస్తే నాలుగు వానాకాలాలకి తేరుకోవచ్చండీ అమ్మగారూ. నమ్మకంగా చెప్పలేను. పూడ్చేశారంటే మాత్రం ఇంక బావి లేదండి."

మధ్యాహ్నం కుళాయి నీళ్లతోనే పప్పు పెట్టింది. సోడా వేయలేదు. బద్దలు తేలుతున్న పప్పును భర్త కంచంలో వడ్డించి, కాగితాలు పక్కన పెట్టింది.

"సంతకమేదే?"

"పెట్టనండి. ఒకసారి బేరం చేసి చూశాగా."

అతను కంచం తోసేసి లేచాడు. దీన్ని పుట్టింటికి పంపించెయ్యమని అత్తగారు గదిలోంచే అంది. పుష్పవతి బిందెలు తీసుకుని బయటికి నడిచింది. బావిలో నీళ్లు ఎర్రగానే ఉన్నాయి. తేరుకుంటాయో లేదో, అప్పటిదాకా ఈ ఇంట్లో తనను ఉండనిస్తారో లేదో తెలియదు. మిగిలినవి రెండు బిందెలు, రోడ్డుకు పోగా కాస్త బురద. అప్పుడు నాన్న ఇచ్చాడు కాబట్టి ఉన్నాయి. ఇప్పుడు తను ఇవ్వలేదు కాబట్టి ఉన్నాయి.