మర్నాడు చెప్పాల్సిన మాట

పోతున్న బిడ్డ మనసు నెమ్మది కోసం ఆడిన అబద్ధాన్ని దేవుడు ఎలా చూస్తాడు? ఆఫ్రకోమాకు ఏళ్లుగా ఇదే సందేహం. పాస్టరు గారిని అడుగుదామనుకునేది. ప్రతి ఆదివారమూ అడగకుండానే ఇంటికి వచ్చేసేది.

రొమ్ము క్యాన్సర్ పరిశోధనకు చందాలు పోగుచేయడానికి కుమాసి నగరంలో ఏటా అక్టోబరులో నడక జరుగుతుంది. ఆమె కూతురు పొమా, జబ్బు పడ్డాక, తల్లి వద్దన్నా వినకుండా ఒకసారి వెళ్లి సగం దారిలో కూలబడింది. అరటికాయలమ్మే దుఫీ అనే ఆవిడ పొమాను వీపున మోసుకుని ఇంటికి చేర్చింది. అక్కడి ఆనవాయితీ ప్రకారం మేలు పొందినవాళ్లు మర్నాడు పొద్దున్నే, చేసినవాళ్ల గడపకు వెళ్లి కృతజ్ఞతగా మేలు చెప్పి రావాలి. కానీ వెళితే ఎందుకొచ్చావని వాడంతా అడుగుతుంది, జబ్బు సంగతి బయటపడుతుంది. ఆఫ్రకోమా వెళ్లలేదు.

"చెప్పొచ్చావామ్మా?" అని పొమా మంచంలోంచి అడిగింది.

"చెప్పొచ్చానే. పడుకో."

"ఏమంది?"

"ఏమంటుంది, సంతోషపడింది."

పొమా కళ్లు మూసుకుంది. ఆ వారం దాటలేదు.

పోయినవాళ్ల తరఫువాళ్లు కూడా నడకకు రావాలని ఈ ఏడు చర్చిలో చాటారు. పోయినవాళ్ల కోసమంటే ఇంకేం కట్టుకోవాలి? ఆఫ్రకోమా చావింటికి కట్టుకునే ఎరుపూ నలుపూ కలిసిన బట్ట చుట్టుకుని వెళ్లింది. అక్కడ చూస్తే అందరూ గులాబీ రంగు చొక్కాల్లో బాజాలకు చిందులేస్తున్నారు.

"ఓ పెద్దమ్మా! ఎవరికి ఏడవడానికొచ్చావ్? ఒకటి కోసేశారు గానీ నేనింకా చావలా!" అందొకావిడ రొమ్ము మీద చెయ్యేసుకుని. చుట్టూ ఉన్న ఆడవాళ్లు గొల్లున నవ్వారు.

ఆవిడ దుఫీయే. ఆఫ్రకోమాకు వెనక్కి పారిపోవాలనిపించింది. అయినా దగ్గరికి వెళ్లింది.

"నేను పొమా వాళ్ల అమ్మని."

"ఆ పిల్లా! ఎలా ఉంది?" అంటూనే దుఫీ ఆ బట్ట వైపు చూసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "నా నోరు పడిపోనూ! ఆ మర్నాడు నువ్వొస్తావని వాకిలి ఊడ్చి కూర్చున్నా పెద్దమ్మా. రాకపోతే, పిల్లకి నయమై ఉంటుందిలే, మనమేం గుర్తుంటాం అనుకున్నా."

ఆఫ్రకోమా నడిరోడ్డు మీద, తనకంటే చిన్నదాని ముందు, చెప్పులు విడిచింది. మర్నాడు చెప్పే మాట గనక, ఎన్నేళ్లు ఆలస్యమైనా 'నిన్న' అనే మొదలుపెట్టాలి. అలాగే మొదలుపెట్టింది, అందరికీ వినబడేలా.

"నిన్న నా బిడ్డని మోసుకొచ్చావమ్మా. క్యాన్సర్ ఉన్న నా బిడ్డని. నీ మేలు చెప్పడానికొచ్చాను."

బాజాలు ముందుకు సాగిపోయాయి. దుఫీ ఆమె రెండు చేతులూ పట్టుకుని, ఆనవాయితీగా అనాల్సిన జవాబే అంది.

"మనలో మనకు మేలేంటి, పెద్దమ్మా."