మధ్యాహ్నపు దండోరా

నేను ఒక రబ్బరు ముద్రను. నా ముఖాన 'నకలు' అని మూడక్షరాలు. నెల్లూరులో ముద్రలు చేసే మస్తానయ్య నన్ను టేకు పిడికి అంటించి, "దీనికి పనేముంటుందిలే" అని నవ్వాడు. వెర్రివాడు! నేను పడితే పోయిన పట్టాదారు పాసుపుస్తకానికి మళ్లీ ప్రాణం వస్తుంది. పొరపాటున పడితే ఒకే పొలానికి ఇద్దరు ఆసాములు పుట్టుకొస్తారు. అందుకే తహసీల్దారు ఆఫీసులో మిగతా ముద్రలు బల్లమీద పొర్లుతుంటే నన్ను మాత్రం బీరువాలో పెట్టి తాళం వేసేవాళ్లు. గొప్ప చెప్పుకోవడం కాదు గానీ, కలెక్టరు గారికైనా అంత కాపలా ఉండదు.

చాలా చేతులు మారాను. కొందరు దొరలు ముద్ర వేశాకే కాగితం చదివేవాళ్లు. తహసీల్దారుగా వచ్చిన సుబ్బరత్నం గారు అలా కాదు. పోలీసు కాగితం, పేపరు ప్రకటన ఉన్నా ఆవిడకు చాలవు. ఊళ్లో దండోరా వేయించి, అభ్యంతరాలకు గడువిచ్చి, అప్పుడు గానీ నన్ను బయటికి తీసేవారు కాదు.

ఒకసారి చెంగయ్య అనే ఆసామి వచ్చాడు. నిమ్మతోట పుస్తకం బస్సులో పోయిందట. కాగితాలన్నీ నిక్షేపంగా ఉన్నాయి. దండోరా అయింది, గడువూ తీరింది, ఊళ్లో ఎవరూ ఉలకలేదు, పలకలేదు. నన్ను సిరాలో అద్దారు. చాన్నాళ్లకు పని దొరికిందని నా ఒళ్లు పులకరించింది. అంతలో సుబ్బరత్నం గారు చెయ్యి ఆపి, దండోరా వేసిన పోలయ్యను పిలిపించారు.

"ఏ వేళప్పుడు కొట్టావు?"

"మిట్టమద్దేనం అమ్మా. చెంగయ్య అప్పుడే కొట్టమన్యాడు."

"నిమ్మకాయల కోతల్లో మధ్యాహ్నం ఊళ్లో ఎవరుంటారయ్యా?"

పోలయ్య తల గోక్కున్నాడు. "కుక్కలు ఇన్నెయ్యమ్మా."

"దీపాలు పెట్టే వేళకు మళ్లీ కొట్టు. గడువు మళ్లీ మొదటినుంచి," అని ఆవిడ నన్ను పక్కన పెట్టేశారు. చెంగయ్య ముఖాన కత్తివాటుకు నెత్తురు చుక్క లేదు.

మర్నాడు ఆఫీసు తెరిచేసరికే కామాక్షమ్మ అనే ఆమె గుమ్మంలో నిలబడి ఉంది, కొంగుచాటున పుస్తకం పొదువుకుని. ఆ తోటను చెంగయ్యే ఆమెకు అమ్మి, రిజిస్ట్రీ చేసి, పుస్తకం చేతికిచ్చాడు. రికార్డుల్లో పేరు మార్పించుకోవాలని ఆ ఇల్లాలికి తెలియదు. అదే అదునుగా నకలు పుట్టించి ఇంకొకరికి అమ్మాలని అతగాడి ఎత్తు.

"పోయిందంటన్నాడే! నా పెట్లోనే భద్రంగా ఉండాది," అందామె. "మా ఆయన పోయినాక ఆ చెట్లేనమ్మా నాకు కూడు."

సుబ్బరత్నం గారు ఆమెను కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చారు. చెంగయ్య దరఖాస్తు కొట్టేసి, తోటకు ఆమె పేరు ఎక్కించే పని ఆ పూటే మొదలుపెట్టారు. నేను మళ్లీ బీరువా దారి పట్టాను. చేతిదాకా వచ్చిన పని పోయిందని మొదట ఉక్రోషపడ్డ మాట నిజమే. ఆమె కళ్లు తుడుచుకుంటూ మెట్లు దిగిపోతుంటే ఆ ఉక్రోషం ఎటు పోయిందో తెలియలేదు.

ఇప్పుడు కంప్యూటర్లు వచ్చాయి. నేను పాత సామాను గదిలో ఉన్నాను. ఎన్నో పుస్తకాల మీద పడ్డాను, వాటిలో ఒక్కటీ గుర్తులేదు. కామాక్షమ్మ తోట మీద మాత్రం పడలేదు. నా బతుకులో గర్వంగా చెప్పుకునే పని అదొక్కటే.