ఫిబ్రవరిలో చూద్దాం

విశాఖలో ఎనిమిదేళ్లు వెస్టర్న్ వయొలిన్ నేర్చుకున్న కావ్యశ్రీ 2023లో చదువుకోసం కెనడాలోని గ్వెల్ఫ్ చేరింది. ఒక్కో బేస్‌మెంట్‌లో ఆరేడుగురు స్టూడెంట్లు సర్దుకుంటున్న రోజులవి. కాఫీ షాపులో ఒక్క ఖాళీ ఉందంటే వీధి చివరిదాకా క్యూ ఉండేది. ఆమెకు మాత్రం ఊళ్లోని ఒక ఆర్కెస్ట్రా ఆఫీసులో పార్ట్ టైమ్ పని దొరికింది. ఇప్పించింది కమిటీ సభ్యుడు, రిటైరైన గుండె డాక్టరు జనార్ధనరావు.

అక్టోబరు మీటింగులో మార్సియా గ్రాంట్ రచన చర్చకు వచ్చింది. ఆమె టొరాంటో శివారు స్కార్‌బరోలో పుట్టి పెరిగిన నల్లజాతి కంపోజర్. తంత్రీవాద్యాల కోసం ఇరవై నిమిషాల సంగీతం రాసి, ఆ స్వరాల ప్రతి, అంటే స్కోరు, పంపింది.

"ఫిబ్రవరిలో చూద్దాం. బ్లాక్ హిస్టరీ నెల కదా, ఐదు నిమిషాలు వాయిస్తే సరిపోతుంది" అన్నాడు అధ్యక్షుడు.

జనార్ధనరావు తలూపాడు. "నేనూ వలస వచ్చినవాణ్ణే. ప్రత్యేకంగా చూడమని ఎవర్నీ అడగలేదు. ఆమెకు ఆ స్థాయి లేదు."

మినిట్స్ రాస్తున్న కావ్యశ్రీ తలెత్తింది. "మీలో ఎవరైనా స్కోరు చదివారా?"

అందరూ అధ్యక్షుడి వైపు చూశారు. "నిన్ను పిలిచింది రాయడానికి" అన్నాడు అధ్యక్షుడు.

ఆమె రాసింది: 'స్కోరు ఎవరూ చదవలేదు. స్థాయి లేదని తేల్చారు.' ఎప్పటిలాగే సభ్యులందరికీ మెయిల్ చేసింది. ఈసారి మార్సియాకు కూడా పంపింది.

మర్నాడు పార్కింగ్‌లో జనార్ధనరావు కారు దిగీ దిగగానే విరుచుకుపడ్డాడు.

"బుద్ధుందా నీకు? ఆ టేబుల్ దగ్గర కూర్చోడానికి నాకు ముప్పై ఏళ్లు పట్టింది!"

"అందుకని ఆవిణ్ణి కూర్చోనివ్వరా, అంకుల్?"

"నోర్ముయ్! మీ స్టూడెంట్లంతా వేలకు వేలు వచ్చిపడి ఇప్పటికే మా పరువు తీస్తున్నారు. రేపట్నుంచి రావక్కర్లేదు."

"మీ పరువు మేం తియ్యక్కర్లేదు అంకుల్, నిన్న మీరే తీసుకున్నారు" అని ఆమె వెనక్కి చూడకుండా నడిచింది.

ఆ సాయంత్రం మార్సియా ఫోన్ చేసింది. థాంక్స్ చెబుతుందనుకుంది కావ్యశ్రీ.

"వాళ్లు చదవరని నాకు పన్నెండేళ్లుగా తెలుసు" అంది మార్సియా. "నువ్వు చదివావా?"

స్కోరు మూడు వారాలుగా కావ్యశ్రీ బల్లమీదే ఉంది.

"లేదు" అంది.

"మరి నీకూ వాళ్లకూ తేడా ఏమిటి?"

సిగ్గుతో ముఖం మండిపోయింది. అయినా ఫోన్ పెట్టేయలేదు. "నేను వయొలిన్ వాయిస్తాను. ఒక్క అవకాశం ఇవ్వండి" అంది.

మార్సియా ఆర్కెస్ట్రా నుంచి రచన వెనక్కి తీసుకుంది. స్కార్‌బరోలో ఒక చర్చి హాలు మాట్లాడి, కావ్యశ్రీతో కలిపి పదకొండుమంది వాద్యకారుల్ని పోగేసింది. గ్వెల్ఫ్‌లోనే ఒక వేర్‌హౌస్ పనికి కుదిరిన కావ్యశ్రీ, ప్రతి ఆదివారం రెండు బస్సులు మారి రిహార్సల్‌కు వెళ్లేది.

మొదటి రోజే మార్సియా ఆమెను మూడుసార్లు ఆపింది. ఒక్కసారైనా నవ్వలేదు.

"తప్పు. మళ్లీ" అంది.

కావ్యశ్రీ వయొలిన్ మళ్లీ భుజానికెత్తుకుంది.