సుభాషిణి మౌనం

నేను ఒక నల్ల గౌనును. వకీళ్లు కోటు మీద తగిలించుకుంటే వెనకాల గాలికి ఎగిరే రకాన్ని. కాకినాడలో మస్తాన్ అనే దర్జీ నన్ను కుట్టాడు. కుట్టడం అవగానే ఒకసారి తనే తొడుక్కుని, అద్దంలో చూసుకుని, భార్యవైపు వేలు చూపించి "నిజం చెప్పు!" అని గద్దించాడు.

"పిండి అయిపోయింది. అదే నిజం" అందావిడ.

అలా మొదలైంది నా వృత్తి జీవితం.

నన్ను కొన్నది పేరిశాస్త్రిగారు, పేరున్న వకీలు. ఆయన వాదిస్తుంటే కిటికీల మీది పావురాలు లేచిపోయేవి. లోపల ఆయన గుండె ఎలా దడదడలాడేదో నాకే తెలుసు. చివరికి డాక్టరు ఇంక అరవకూడదన్నాడు.

"అరవకుండా వాదించడం ఎలాగయ్యా?" అని శాస్త్రిగారు నిజంగానే ఆశ్చర్యపోయారు. తర్వాత నన్ను విప్పి జూనియరు భుజాల మీద వేసి, తను వెనక బెంచీలో కూర్చోవడం మొదలుపెట్టారు.

ఆ జూనియరు పేరు సుభాషిణి. పేరు పెట్టినవాళ్లు కొంచెం తొందరపడ్డారు. ఆఫీసులో గలగలా మాట్లాడే పిల్ల, కోర్టులో లేచి నిలబడితే నోరు ఎండిపోయేది. ఇంటికి వెళ్లాక మాత్రం స్నానాల గదిలో అద్భుతంగా వాదించేది; అక్కడ జడ్జి ఉండడు కదా. అన్నం సయించేది కాదు. "ఈ పని నావల్ల కాదమ్మా, మానేస్తాను" అని తల్లికి ఫోనులో చెబుతూ నా కొసతో కళ్లు తుడుచుకుంది.

ఆ రోజుల్లోనే వకీళ్ల ఒత్తిడి తగ్గించడానికని వాళ్ల సంఘం హాల్లో ఒక తరగతి పెట్టారు. వసుంధర అనే డాక్టరమ్మ వచ్చింది. "అందరూ కళ్లు మూసుకోండి" అంది.

"ఏ సెక్షను కింద?" అన్నారు వెనకనుంచి ఎవరో.

"ఊపిరి లోపలికి వెళ్లడం గమనించండి. బయటికి రావడం గమనించండి. అంతే."

"వాయిదా ఎప్పుడండీ?"

హాలంతా నవ్వు. ఆవిడ కూడా నవ్వేసింది. "మనసు ఎటో పోతుంది. పోనివ్వండి. తిట్టకుండా మళ్లీ ఊపిరి దగ్గరికి తీసుకురండి. కాళ్లు నేల మీద ఆనుతున్నాయో లేదో చూసుకోండి" అంది.

కళ్లు మూసుకున్నవాళ్లలో సగంమంది గురక పెట్టారు. సుభాషిణి మాత్రం పెట్టలేదు. మర్నాటినుంచి ఆటోలో గమనించింది, బియ్యం కడుగుతూ గమనించింది. గమనింపులో పడి ఒకరోజు కోర్టు దాటి రెండు వీధులు వెళ్లిపోయింది. అయినా నా కింద ఆమె భుజాలు కొద్దికొద్దిగా దిగాయి. నాకెంత హాయిగా ఉండేదో!

అంతలో చిట్టెమ్మ కేసు వచ్చింది. సుందరరామయ్య అనే ఆసామి ఇంట్లో వంటచేసే మనిషి చిట్టెమ్మ. బీరువాలో బంగారు గాజులు పోయాయని ఆమె మీద దొంగతనం కేసు పెట్టారు. అప్పటినుంచి ఆమెను ఏ ఇంటివాళ్లూ గుమ్మం తొక్కనివ్వలేదు. విచారణ రోజున నా అంచు పట్టుకుని, "లాయరమ్మా, జైలుకెళ్తే నా కూతురు నా మొహం సూడదండి. మీరే దిక్కు" అంది.

సుందరరామయ్య బోను ఎక్కి, ఏ అరుపుకైనా సిద్ధమన్నట్టు ఛాతీ విరుచుకుని నిలబడ్డాడు. సుభాషిణి లేచింది.

"బీరువా తాళం ఎవరి దగ్గర ఉంటుందండీ?"

"నా దగ్గరే."

రెండో ప్రశ్న ఆమె బుర్రలోంచి ఆవిరైపోయింది. గుండె ఎగిరెగిరి నన్ను తన్నింది. వెనక్కి తిరిగి పారిపోతుందనుకున్నాను. పారిపోలేదు. చెప్పులు నేలకు ఆనించింది. ఊపిరి తీసింది. వదిలింది. సాక్షి వైపు చూస్తూ మళ్లీ తీసింది.

కోర్టు నిశ్శబ్దమైపోయింది. సుందరరామయ్య కాసేపు ఓర్చుకున్నాడు.

"అంటే... ఇంకో తాళం మా ఆవిడ దగ్గరా ఉంటుందనుకోండి" అన్నాడు.

సుభాషిణి ఊపిరి వదిలింది.

"ఆవిడ అప్పుడప్పుడూ గాజులు వాళ్ల చెల్లెలింట్లో పెడుతుందండి. అయితే ఏంటట?"

సుభాషిణి ఊపిరి తీసింది. ఆయన నుదుటిమీద చెమట పట్టింది.

"ఏంటండీ ఆ చూపు! దొరికాయండీ బాబూ, ఆ చెల్లెలింట్లోనే దొరికాయి! అప్పటికే కేసు పెట్టేశాం కదా, చెప్తే పరువు పోతుందని ఊరుకున్నాం!"

ప్రభుత్వ వకీలు నెత్తిమీద చెయ్యి పెట్టుకున్నాడు. సరిగ్గా అప్పుడే సుభాషిణికి రెండో ప్రశ్న గుర్తొచ్చింది. ఇక అడగడానికేం మిగల్లేదు.

కేసు కొట్టేశారు. చిట్టెమ్మ వరండాలో సుభాషిణిని గట్టిగా వాటేసుకుంది. మధ్యలో నేను నలిగి ముద్దయ్యాను. అంత సంతోషంగా నేనెన్నడూ నలగలేదు.

వారం తిరక్కుండా, గడగడా మాట్లాడే వకీళ్లంతా సాక్షుల ముందు గుడ్లప్పగించి ఊపిరి పీల్చడం మొదలుపెట్టారు. ఒక మధ్యాహ్నం మెజిస్ట్రేటుగారు సుభాషిణినీ ప్రభుత్వ వకీలునూ తన గదిలోకి పిలిచి తలుపేయించారు. సుభాషిణి హడలిపోయింది.

"ఆ ఊపిరి సంగతేమిటమ్మా? నాకూ నిద్ర పట్టడం లేదు" అన్నారాయన, గొంతు తగ్గించి.

ముగ్గురూ కళ్లు మూసుకున్నారు. కాగితాల కోసం తలుపు తీసిన బంట్రోతు యేసుపాదం ఆ దృశ్యం చూసి, చప్పుడు చేయకుండా తలుపు మూసి, బయటకొచ్చి, "ఎవరో పెద్దాయన పోయారండీ. లోపల మౌనం పాటిస్తున్నారు" అన్నాడు. కోర్టు హాల్లో అందరూ తలలు వంచి లేచి నిలబడ్డారు. అప్పుడే పేరిశాస్త్రిగారు వచ్చారు.

"ఎవరోయ్ పోయింది?"

పక్కాయన ఎగాదిగా చూశాడు. "మీరే అనుకుంటున్నామండీ."

శాస్త్రిగారు ఒక్క క్షణం ఆలోచించి, తనూ తల వంచుకుని నిలబడ్డారు. "కానివ్వండి. నా విషయంలో వీళ్లు ఇంతసేపు నోరు మూసుకోవడం ఎప్పుడూ చూడలేదు."

బయట పేలిన నవ్వు విని లోపలివాళ్లు తలుపు తీశారు. సంగతి తెలిసి సుభాషిణి పడీపడీ నవ్వింది. కోపానికీ భయానికీ తట్టుకున్న నా కుట్టు ఆ నవ్వుకు తట్టుకోలేక భుజం దగ్గర పటుక్కున పిగిలింది.

ఇప్పుడామె కొత్త గౌను వేసుకుంటోంది. నన్ను మడతపెట్టి సంఘం హాల్లో ఆసనంగా వేసింది. వాదనలన్నీ పైనుంచి విన్నదాన్ని, ఇప్పుడు కిందనుంచి ఊపిర్లు వింటున్నాను. హోదా తగ్గిందని కొందరంటారు. నా మీద కూర్చున్న మనుషులు లేచేటప్పుడు కాస్త తేలికవుతున్నారు. తూకం తెలిసేది నాకే కదా.